నీటి మాత్ర వేసుకుంటుంటే పొటాషియం పెరగడమేంటి?

ముందు మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో పెట్టుకుందాం. నాన్నగారికి 67 ఏళ్లు, గుండె పంపింగ్ 30 శాతం. మూడు నెలల కిందట కాళ్ల వాపులకు టార్సెమైడ్ అనే నీటి మాత్ర ఇస్తే పొటాషియం 3.1కి పడిపోయింది. అప్పుడు పొటాషియం సిరప్ రాసి, కొబ్బరి నీళ్లు కూడా తాగమన్నారు. ఆ తర్వాత మాత్ర మార్చి, టార్సెమైడ్‌తో పాటు స్పైరనోలాక్టోన్ అనే మరో రకం నీటి మందు కలిసి ఉండే ‘ప్లస్’ మాత్ర పెట్టారు. గుండెకు, బీపీకి ఇచ్చే రామిప్రిల్ ఎప్పటినుంచో నడుస్తోంది. ఇప్పుడు పొటాషియం 5.8 వచ్చింది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినైన్ 1.1 నుంచి 1.5కి పెరిగింది. "నీటి మాత్రతో పొటాషియం తగ్గుతుందన్నారు కదా, మరి పెరిగిందేంటి? రిపోర్టు తప్పా? మాత్రలన్నీ ఆపేయనా?" అని మీ ప్రశ్న. మోకాళ్ల నొప్పులకు రోజూ ఎసిక్లోఫెనాక్ వేసుకుంటున్నారని చివర్లో ఒక్క మాటగా రాశారు. సగం సమాధానం ఆ మాటలోనే ఉంది.

వివరాల్లోకి వెళ్లే ముందు ఈరోజు చేయాల్సింది చెబుతాను. సిరప్, కొబ్బరి నీళ్లు, నొప్పుల మాత్ర, ఈ మూడూ ఇప్పుడే ఆగాలి. చూస్తున్న గుండె డాక్టరుగారికి ఈరోజే ఫోన్ చేసి 5.8 అన్న అంకె చెప్పండి. ఈరోజే ఒక ఈసీజీ, మళ్లీ ఒక పొటాషియం పరీక్ష చేయించండి. ‘ప్లస్’ మాత్ర, రామిప్రిల్ తర్వాతి డోసు వేయాలా వద్దా అన్నది ఆ ఫోన్‌లోనే అడగండి. కాళ్లు చేతులు బరువెక్కి లేవలేకపోయినా, గుండె దడగా ఉన్నా, కళ్లు తిరిగినా, నాడి 50 కన్నా తక్కువ కొట్టుకుంటున్నా రిపోర్టు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఏ బాధా లేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. పొటాషియం 6 దాటాక కూడా మనిషి హాయిగా పేపరు చదువుకుంటూ కూర్చోవచ్చు. ఒక్కోసారి మొదటి లక్షణమే గుండె లయ తప్పడం.

ఇక అసలు విషయం. మన ఇళ్లలో ‘నీటి మాత్ర’ అన్న ఒక్క పేరు కింద, పొటాషియం విషయంలో ఒకదానికొకటి ఎదురు లాగే రెండు రకాల మందులు నడుస్తున్నాయి. ఫ్రుసెమైడ్, టార్సెమైడ్, క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ పొటాషియాన్ని మూత్రంలో పోగొడతాయి. స్పైరనోలాక్టోన్, ఎప్లరెనోన్, అమైలోరైడ్, ట్రయామ్టెరీన్ దాన్ని ఒంట్లోనే ఆపేస్తాయి. మొదటి రకానికి చెప్పిన జాగ్రత్త రెండో రకం వచ్చాక కూడా అలాగే కొనసాగితే మీ ఇంట్లో జరిగిందే జరుగుతుంది. మందు మారినా సిరప్ చీటీలోంచి పోలేదు, కొబ్బరి బోండాం ఇంటికి రావడం మానలేదు.

ఎందుకు ఎదురు లాగుతాయో తెలియాలంటే కిడ్నీలో చిట్టచివరి గొట్టం దాకా వెళ్లాలి. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, లీటరున్నర రెండు లీటర్లు మినహా అంతా వెనక్కి తీసుకుంటాయి. సోడియంలో మూడింట రెండొంతులు గొట్టం మొదట్లోనే రక్తంలోకి తిరిగొస్తుంది. మరో పాతిక శాతం మెలిక దగ్గర వస్తుంది, ఫ్రుసెమైడ్, టార్సెమైడ్ అడ్డుపడేది అక్కడే. చివరి గొట్టం దగ్గరికి చేరేసరికి మిగిలేది రెండు మూడు శాతం. అంకె చిన్నదే, కానీ పొటాషియం ఎంత పోవాలో తేలేది ఆ చోటే.

అక్కడి కణానికి మూత్రం వైపు ఒక సన్నని సోడియం ద్వారం ఉంటుంది, పక్కనే పొటాషియం బయటికి జారే మరో ద్వారం. సోడియం పాజిటివ్ చార్జి కదా, అది కణంలోకి దూరినప్పుడు మూత్రం వైపు నెగెటివ్ అవుతుంది. ఆ నెగెటివ్ చార్జి పొటాషియాన్ని మూత్రంలోకి లాగుతుంది. అంటే సోడియం ఎంత లోపలికి వస్తే పొటాషియం అంత బయటికి పోతుంది. ఈ ద్వారాలను ఎక్కువ చేయమని ఆజ్ఞ వేసే హార్మోను ఆల్డోస్టిరోన్. టార్సెమైడ్ వేసినప్పుడు మెలికలో ఆగాల్సిన సోడియం ఇక్కడికి వరదలా వస్తుంది. పైగా నీరు తగ్గిందని ఆల్డోస్టిరోన్ కూడా పెరుగుతుంది. మీ నాన్నగారికి మొదట 3.1 వచ్చింది ఇందుకే.

స్పైరనోలాక్టోన్, ఎప్లరెనోన్ ఆల్డోస్టిరోన్ కూర్చోవాల్సిన పీటను ఆక్రమిస్తాయి. కొత్త ద్వారాలు తయారు కావు, ఉన్నవి మెల్లగా తగ్గుతాయి. మెల్లగా అన్నది గుర్తుపెట్టుకోండి. పని మొదలవడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆపాక ప్రభావం పోవడానికీ మరో రెండు మూడు రోజులు పడుతుంది. కిడ్నీ మందగించి ఉంటే ఇంకా ఎక్కువే. "నిన్న ఆపేశాం, ఈరోజు కూడా 5.7 ఉందేంటి" అనే కంగారు దీనివల్లే. అమైలోరైడ్, ట్రయామ్టెరీన్ అలా కాదు. అవి నేరుగా వెళ్లి సోడియం ద్వారానికే బిరడా బిగిస్తాయి, అమైలోరైడ్ రెండు గంటల్లో పని మొదలుపెట్టి దాదాపు ఒక రోజు ఉంటుంది.

ఇంకొక్కటి. చేతిలో ఉన్నది రెండు మూడు శాతం సోడియమే కాబట్టి 25 మి.గ్రా. స్పైరనోలాక్టోన్ వేసుకుంటే బాత్‌రూమ్‌కు పరుగులు ఉండవు. "మూత్రం ఏమీ ఎక్కువ రావట్లేదు, పనిచేయట్లేదు" అని మానేసేవాళ్లు చాలామంది. గుండె జబ్బులో ఇది ప్రధానంగా నీరు తీయడానికి ఇచ్చే మందు కాదు. ఆల్డోస్టిరోన్ గుండె కండరంలో నార పేరుకునేలా చేస్తుంది, దాన్ని ఆపడానికి ఇస్తారు. 1999లో వచ్చిన రేల్స్ అధ్యయనంలో, తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1,663 మందిలో రోజుకు సగటున 26 మి.గ్రా.తోనే మరణాలు 30 శాతం తగ్గాయి. కాబట్టి 5.8 చూసి భయపడి దీన్ని జన్మలో ముట్టుకోం అనుకోవడం కూడా నష్టమే.

అదే కథకు రెండో సగం కెనడాలోని ఒంటారియోలో నడిచింది. రేల్స్ ఫలితాలు రాగానే అక్కడ డాక్టర్లు ఈ మందును విరివిగా రాశారు, అధ్యయనంలో చేసినంత జాగ్రత్తగా రక్తపరీక్షలు మాత్రం జరగలేదు. గుండె వైఫల్యానికి మందులు వాడుతున్న వృద్ధుల్లో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లు 1994లో వెయ్యికి 2.4 ఉంటే, 2001 నాటికి 11 అయ్యారు. మందు అదే, జబ్బూ అదే. మధ్యలో లోపించింది పరీక్ష.

మరి ఆ పరీక్షలు ఎప్పుడెప్పుడు? మొదలుపెట్టే ముందు పొటాషియం 5.0కి మించకూడదు, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత ఎంత జరుగుతోందో చెప్పే లెక్క) 30 పైన ఉండాలి. గుండెకు 12.5 లేదా 25 మి.గ్రా.తో మొదలుపెడతారు, 50 దాటరు. మొదలుపెట్టిన వారానికి ఒకసారి, నాలుగు వారాలకు ఒకసారి పొటాషియం, క్రియాటినైన్ చూడాలి. ఆ తర్వాత 8, 12 వారాలకు, అటుపైన మూడు నాలుగు నెలలకోసారి. వయసు 70 దాటినా, షుగరు ఉన్నా, క్రియాటినైన్ ఇప్పటికే ఎక్కువున్నా మొదటి పరీక్ష మూడో రోజుకే చేయించడం మంచిది. డోసు పెంచిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పొటాషియం 5.5 దాటితే డోసు సగం, 6.0 దాటితే ఆపడం. క్రియాటినైన్ 2.5 దాటితే సగం, 3.5 దాటితే ఆపడం. వారం రోజుల పరీక్షను "నెలకు ఎలాగూ వస్తాం కదా" అని వదిలేయడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

5.5 దాటితే సగం అన్నాను కదా, ‘ప్లస్’ మాత్రలతో చిక్కు సరిగ్గా అక్కడే. ఒకే మాత్రలో రెండు మందులు. సగానికి విరిస్తే టార్సెమైడ్ కూడా సగమవుతుంది. మొత్తం ఆపితే నాలుగైదు రోజుల్లో మళ్లీ కాళ్ల వాపు, రాత్రి పడుకుంటే ఆయాసం. అందుకే "మాత్రలన్నీ ఆపేయనా" అన్నదానికి నా జవాబు వద్దనే. డాక్టరుగారిని ఇలా అడగండి: "టార్సెమైడ్ విడిగా, స్పైరనోలాక్టోన్ విడిగా రాసివ్వగలరా?" డోసు కుదురుకునే దాకా విడి మాత్రలే మేలు. కలిపిన మాత్ర కుదురుకున్నాక వచ్చే సౌకర్యం. షీటు మీద పేరు పక్కనున్న అంకెను కూడా నమ్మకండి, చాలా బ్రాండ్లలో అది ఒక్క మందు డోసే. డైటార్ 10, డైటార్ ప్లస్ 10 ఒకటి కావు, రెండోదాంట్లో స్పైరనోలాక్టోన్ కూడా ఉంది. ల్యాసిక్స్, ల్యాసిలాక్టోన్ మధ్య తేడా కూడా అదే. షీటు వెనక సన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. మెడికల్ షాపులో "అదే కంపెనీ, అదే మందు" అని ఇచ్చినప్పుడు మరీను. అమైలోరైడ్, ఆమ్లోడిపిన్, అమియోడరోన్ పేర్లు కూడా చెవికి దగ్గరగా వినిపిస్తాయి. మూడూ గుండె, బీపీ వాళ్ల చీటీల్లో ఉండేవే, పనులు మాత్రం పూర్తిగా వేరు.

రిపోర్టు తప్పయ్యే అవకాశం ఉందా? ఉంది, అందుకే మళ్లీ చేయించమన్నది. ఒంట్లోని పొటాషియంలో 98 శాతం కణాల లోపలే ఉంటుంది, రక్తంలో మనం కొలిచేది మిగిలిన చిటికెడు. రక్తం తీసేటప్పుడు కొన్ని కణాలు పగిలినా అంకె ఎగిరిపోతుంది. చేతికి రబ్బరు కట్టి "పిడికిలి మూసి తెరవండి" అంటారు చూడండి, ఆ ఒక్క పనికే పొటాషియం పెరగొచ్చు. పిడికిలి ఆడించకండి, రబ్బరు నిమిషం దాటి ఉంచనివ్వకండి. సన్న సూదితో బలంగా లాగినా, సిరంజితో వయల్‌లోకి గట్టిగా కొట్టినా ఎర్రకణాలు చితుకుతాయి. ఇంటికొచ్చి తీసిన రక్తం ల్యాబుకు చేరడానికి గంటల తరబడి తిరిగినా, వేరుచేయకుండా ఫ్రిజ్‌లో పెట్టినా పొటాషియం బయటికి కారుతుంది. ఊదారంగు మూత వయల్‌లో ఉండే రసాయనమే పొటాషియం ఉప్పు. అందులో పోసిన రక్తాన్ని వేరే వయల్‌లోకి ఒంపితే పొటాషియం ఆకాశాన్నంటుతుంది, కాల్షియం పాతాళానికి పడుతుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే ల్యాబులో ఏం జరిగిందో ఇట్టే తెలిసిపోతుంది. రిపోర్టు కింద హీమోలైజ్డ్ (ఎర్రకణాలు చితికాయి) అని ఉందేమో కూడా చూడండి.

అయితే మీ నాన్నగారి విషయంలో ఇది ల్యాబు తప్పేనని ఆశపడటానికి నాకు కారణం కనిపించట్లేదు. క్రియాటినైన్ కూడా పెరిగింది, పైగా పొటాషియం పెంచేవి ఒకటి కాదు, ఐదున్నాయి. రామిప్రిల్ ఆల్డోస్టిరోన్ ఉత్పత్తిని తగ్గిస్తుంది, స్పైరనోలాక్టోన్ ఉన్న ఆల్డోస్టిరోన్‌ను పనిచేయనివ్వదు. ఈ జంట తప్పు కాదు, గుండెకు కావాలనే ఇస్తారు, రామిప్రిల్ బదులు టెల్మిసార్టన్ గానీ, వల్సార్టన్ కలిసిన సాకుబిట్రిల్ గానీ ఉన్నా ఇదే లెక్క. దాని మీద ఎసిక్లోఫెనాక్ చేరింది. నొప్పుల మాత్రలు కిడ్నీకి రక్తం అందించే నాళాలను బిగిస్తాయి, వడపోత పడిపోతుంది. క్రియాటినైన్ 1.5 అవడానికి నేను మొదట అనుమానించేది దాన్నే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ అన్నీ ఆ గుంపువే. మోకాళ్లకు పారాసిటమాల్, పైపూత మందు, కాపడం సరిపెట్టుకోవాలి. నాలుగోది సిరప్. పొటాషియం క్లోరైడ్ సిరప్ 15 మిల్లీలీటర్లలో సాధారణంగా 20 మిల్లీమోల్స్ (పొటాషియాన్ని లెక్కగట్టే కొలత) ఉంటుంది. కణాల బయట ఉండే పొటాషియం మొత్తం కలిపి 70 మిల్లీమోల్స్ చుట్టుపక్కలే, కాబట్టి మూడు చెంచాల సిరప్ చిన్న సంగతి కాదు. ఐదోది కొబ్బరి నీళ్లు, ఒక బోండాంలో సుమారు 15 మిల్లీమోల్స్.

మీ చీటీలో లేకపోయినా మరొకటి చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ అనుమానించరు. మూత్రంలో మంటకు ఇచ్చే కోట్రైమాక్సజోల్‌లో ఉండే ట్రైమెథోప్రిమ్ అచ్చం అమైలోరైడ్ లాగే సోడియం ద్వారాన్ని మూస్తుంది. స్పైరనోలాక్టోన్ మీద ఉన్న పెద్దవాళ్లకు అది ఇస్తే వారం తిరగకుండానే పొటాషియం ప్రమాదస్థాయికి చేరొచ్చు. మూత్రంలో మంటకు వెళ్లినప్పుడు స్పైరనోలాక్టోన్ వాడుతున్నామని ముందే చెప్పండి, వేరే యాంటీబయాటిక్ రాస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, మార్పిడి కిడ్నీకి వాడే టాక్రోలిమస్ కూడా పొటాషియాన్ని పెంచేవే. గుండెకు డిగాక్సిన్ వాడుతుంటే, స్పైరనోలాక్టోన్ వల్ల రక్తంలో దాని స్థాయి పెరగొచ్చు, గమనించుకోవాలి.

లివర్ చెడి పొట్టలో నీరు చేరినవాళ్లకు లెక్క పూర్తిగా వేరు. గుండెకు 25 అంటే, జలోదరానికి 100 మి.గ్రా.తో మొదలుపెట్టి 400 దాకా వెళతారు. దాంతో ఫ్రుసెమైడ్‌ను 100కి 40 నిష్పత్తిలో కలుపుతారు, పొటాషియం అటూ ఇటూ కాకుండా మధ్యలో నిలవడానికి. వీళ్లకు తూకం మిషనే స్టెతస్కోపు. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో తూచుకోవాలి. కాళ్లలో వాపు లేకుండా పొట్టలో మాత్రమే నీరుంటే రోజుకు అర కిలో తగ్గితే చాలు, కాళ్లవాపూ ఉంటే కిలో దాకా ఫర్వాలేదు. అంతకన్నా వేగంగా తగ్గితే నీరు పొట్టలోంచి కాదు, రక్తంలోంచి పోతోందని అర్థం, కిడ్నీ దెబ్బతింటుంది. మాటలు తడబడినా, పగలు నిద్ర రాత్రి మెలకువగా మారినా, సోడియం 125 కన్నా పడిపోయినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. పక్కింటాయనకు గుండెకు 25 ఇచ్చారు, మనకు 200 ఏమిటి అని డోసు కోసేయకండి.

మూడు మందులకు లొంగని బీపీకి నాలుగో మందుగా స్పైరనోలాక్టోన్ 25 నుంచి 50 మి.గ్రా. బాగా పనిచేస్తుంది. ఆడపిల్లల్లో మొటిమలకు, పీసీఓడీలో (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) అవాంఛిత రోమాలకు కూడా దీన్ని రాస్తారు. ఆ అమ్మాయిలు గర్భం రాకుండా జాగ్రత్తలో ఉండాలి, కడుపులో మగబిడ్డ ఉంటే ఎదుగుదల మీద ప్రభావం పడొచ్చన్న భయం ఉంది.

మగవాళ్లకు ఒక మాట. ఈ మందు పురుష హార్మోను పీటనూ ఆక్రమిస్తుంది. రేల్స్‌లో పదిమంది మగవాళ్లలో ఒకరికి రొమ్ముల్లో నొప్పి, వాపు వచ్చాయి. సిగ్గుపడి చెప్పకుండా మందు మానేస్తారు, గుండె మళ్లీ మొదటికొస్తుంది. చెబితే ఎప్లరెనోన్‌కు మారుస్తారు, అది ఆ పీట జోలికి పెద్దగా పోదు. కానీ పొటాషియం మాత్రం దీంతోనూ పెరుగుతుంది. పైగా క్లారిత్రోమైసిన్, కీటోకోనజోల్, ఇట్రాకోనజోల్‌తో ఎప్లరెనోన్ కలపకూడదు. తామరకు ఇట్రాకోనజోల్ మాత్రలు తెచ్చుకునేవాళ్లు ఇది గమనించాలి. షుగరుతో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఇప్పుడు ఫైనరెనోన్ వచ్చింది, కిడ్నీ స్థాయిని బట్టి 10 లేదా 20 మి.గ్రా. దానికీ ఇవే పరీక్షలు, ఆ ఇట్రాకోనజోల్ నిషేధమూ ఇదే. కొత్త మందు కాబట్టి పొటాషియం పెరగదనుకోవద్దు.

వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండి లేకపోవడం, వడదెబ్బ, ఇవి వచ్చిన రోజు ఈ మాత్రల సంగతి మారిపోతుంది. ఒంట్లో నీరు తగ్గితే వడపోత తగ్గుతుంది, పొటాషియం పోయే దారి మూసుకుంటుంది. విరేచనాల్లో పొటాషియం పోతుంది కదా అని కొబ్బరి నీళ్లు పట్టిస్తారు. కిడ్నీ బాగున్న కుర్రాడికి అది మంచి ఉపాయమే, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ మీదున్న పెద్దాయనకు కాదు. అలాంటి రోజు ఏ మాత్రలు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో బాగున్నప్పుడే డాక్టరును అడిగి చీటీ మీద రాయించి పెట్టుకోండి. మే నెలలో అర్ధరాత్రి వాంతులు పట్టుకున్నాక అడగడానికి ఎవరూ దొరకరు.

తిండి విషయంలో అతి వద్దు. పొటాషియం 5 లోపు ఉంటే అరటిపండు తిన్నందుకు ఎవరికీ ఏమీ కాదు. పెరిగినప్పుడు మాత్రం కందిపప్పు, చింతపండు పులుసు, మునగాకు, బెల్లం, ఎండు ఖర్జూరం, అరటి, కొబ్బరి నీళ్లు తగ్గించాలి. కూర ముక్కలను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత పొటాషియం పోతుంది, ఆ నీళ్లతోనే చారు పెట్టకూడదు. తిండికంటే నేను ఎక్కువ భయపడేది ‘తక్కువ సోడియం’ ఉప్పుకు. బీపీకి మంచిదని కొంటారు, అందులో సోడియం బదులు చేర్చేది పొటాషియం క్లోరైడే. దాని ఒక్క గ్రాములో 13 మిల్లీమోల్స్ ఉంటుంది. ప్యాకెట్ వెనక చూసి, అది ఉంటే మామూలు ఉప్పుకే మారండి, వేసేది తగ్గించండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటి చుట్టూ కొబ్బరి తోటలే, కిడ్నీ జబ్బూ అక్కడే ఎక్కువ. అలాంటి చోట నీటి మాత్ర మీదున్నవాళ్లకు కొబ్బరి నీళ్లు తాగమనే ముందు క్రియాటినైన్ ఎంతో అడగాలి.

మళ్లీ మీ నాన్నగారి దగ్గరికి. ఈసీజీ మామూలుగా ఉండి, రెండో పరీక్షలో కూడా 5.5 నుంచి 6 మధ్యే వస్తే సాధారణంగా సిరప్, నొప్పుల మాత్ర తీసేసి, స్పైరనోలాక్టోన్ తగ్గించి లేదా కొన్నాళ్లు ఆపి, టార్సెమైడ్ విడిగా కొనసాగించి, రెండు మూడు రోజుల్లో మళ్లీ పరీక్ష చేయిస్తారు. ఈసీజీ మారినా, అంకె బాగా పెరిగినా ఆసుపత్రిలో గుండెకు రక్షణగా కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్, పొటాషియాన్ని కణాల్లోకి నెట్టడానికి ఇన్సులిన్‌తో గ్లూకోజ్ ఇస్తారు. షుగరు లేనివాళ్లకు ఇన్సులిన్ ఏమిటని అప్పుడు అడ్డుపడకండి. పొటాషియం 5 లోపుకు దిగి, క్రియాటినైన్ మామూలుకొచ్చాక స్పైరనోలాక్టోన్‌ను 25 మి.గ్రా. మాత్రలో సగం రోజూ, లేదా రోజు విడిచి రోజు ఒకటి చొప్పున తిరిగి మొదలుపెట్టవచ్చా అని మీరే అడగండి. ఉదయం టిఫిన్ తిన్నాక వేయాలి, తిండితో బాగా ఒంటబడుతుంది. ఒక పూట మరిస్తే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేయండి, మర్నాడు రెండు వేయకండి. మొదలుపెట్టిన రోజునే వారం తర్వాతి పరీక్ష తేదీని క్యాలెండర్ మీద రాసి, చీటీలోంచి పొటాషియం సిరప్ పేరు కొట్టివేయించుకోండి, లేకపోతే వచ్చే నెల షాపులో పాత చీటీ చూసి మళ్లీ ఇచ్చేస్తారు.